ఆ చిత్రాలను ఈనాడు తీస్తే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత తెలుగు చిత్రాల్లో మీ మనసుకు దగ్గరైనదాన్ని ఈ కాలంలో మళ్లీ తీస్తే ఏమవుతుందో అడగమని క్రితం సంచికలో కోరాం. తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకుల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే తీరుగా ఉన్న ప్రశ్నలను కలిపి, కొన్నింటికి వివరంగానూ కొన్నింటికి క్లుప్తంగానూ జవాబు ఇస్తున్నాం.

డిగ్రీ విద్యార్థి, శ్రీకాళహస్తి: తాతయ్య పక్కన కూర్చుని ‘దేవదాసు’ చూశాను. ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయే కష్టానికి ప్రాణం పోగొట్టుకోవడమేమిటని అంటే ఆయన కోప్పడ్డారు. చేతిలో సెల్‌ఫోన్ ఉంటే పాత ప్రేమకథల్లో ఎన్ని నిలుస్తాయి?

మీరు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అయితే కథకు ముడి ఎక్కడ పడిందో చూసిన తరువాతే ఫోన్ దాన్ని విప్పగలదో లేదో చెప్పగలం. శరత్‌చంద్ర చటోపాధ్యాయ బెంగాలీ నవల 1917లో అచ్చయింది. దాని ఆధారంగా వేదాంతం రాఘవయ్య 1953లో ‘దేవదాసు’ తీశారు. పార్వతి రాత్రివేళ దేవదాసు గదికి వచ్చి తన మనసు విప్పి చెప్పిన సన్నివేశాన్ని మళ్లీ ఒకసారి చూడండి. అప్పుడు వాళ్లిద్దరి మధ్య ఉన్న దూరం నాలుగడుగులు. చెప్పవలసినదంతా ఆమె చెప్పింది, వినవలసినదంతా అతను విన్నాడు. తండ్రి ఎదుట నిలబడి నోరు విప్పే ధైర్యం అతనికి లేకపోయింది, ముడి పడింది అక్కడే. ఆ ధైర్యాన్ని ఏ ఫోనూ ఇవ్వదు.

పట్నం వెళ్లిన తరువాత అతను తనను మరిచిపొమ్మని ఉత్తరం రాసి పంపి, ఆపైన పశ్చాత్తాపపడతాడు. ఈనాటి దేవదాసైతే వాట్సాప్‌లో పంపిన మాటను మరునిమిషమే చెరిపేస్తాడు, కానీ చెరిపిన ఆనవాలు అవతలివారి ఫోన్‌లో ఉండిపోతుంది. ఏం రాశావని పార్వతి అడిగినప్పుడు నిజం చెప్పలేక అతను మాట మారిస్తే కథ మళ్లీ పాత దారిలోనే పడుతుంది. ఇంత చిన్న విషయంలో పెద్ద నాటకీయత ఉంది. మంచి రచయిత చేతికి చిక్కితే ఉత్తరం కన్నా ఇదే బాగా పండవచ్చు.

పెద్ద మార్పు పార్వతి దగ్గర వస్తుంది. తన ఈడు పిల్లలున్న ముసలి జమీందారుతో పెళ్లికి తల వంచే ఆడపిల్లగా ఆమెను చూపితే ఈనాటి ప్రేక్షకురాలు ఒప్పుకోదు. ఆమెకు చదువూ జీతమూ ఉంటాయి కాబట్టి తనంతట తానుగా అతన్ని వదిలి వెళ్లే హక్కు కూడా ఉంటుంది. ఆ హక్కును ఆమె వాడుకుందా లేదా అన్నదే కథ అవుతుంది. ఇక తాగుడు, పొగ సన్నివేశాల సంగతి. 2012 అక్టోబరు నుంచి పొగాకు కనిపించే ప్రతి సన్నివేశం కింద హెచ్చరిక వేయడం తప్పనిసరి అయింది. ఆ నిబంధన మంచిదే. అయితే ఒక మనిషి పతనాన్ని సీసా, సిగరెట్టు లేకుండా ముఖంలోనే చూపించవలసిన బాధ్యత దర్శకుడి మీద పడుతుంది. అక్కినేని నాగేశ్వరరావు అరమూసిన కళ్లతో చేసి చూపింది సరిగ్గా ఆ పనే. 1974లో కృష్ణ, విజయనిర్మలలతో రంగుల్లో వచ్చిన ‘దేవదాసు’ పాతదాన్ని మరిపించలేకపోయింది.

ఫోన్ వల్ల బలం పెరిగే కథ కూడా ఒకటుంది. 1978లో బాలచందర్ తీసిన ‘మరోచరిత్ర’లో పెద్దలు ప్రేమికులకు ఏడాదిపాటు కలవకూడదని, ఉత్తరాలు రాసుకోకూడదని షరతు పెడతారు. ఆనాడు దూరంగా ఉన్నవాళ్లు మాట్లాడుకోకపోవడం అసాధ్యమేమీ కాదు. ఈనాడు ఫోన్ రోజంతా చేతిలోనే ఉంటుంది, అవతలి మనిషి ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనిపిస్తూనే ఉంటుంది, అయినా మాట తప్పకూడదు. ఒక్క వేలు కదిపితే ఓడిపోయే పందెం అది. 2010లో ఇదే పేరుతో మళ్లీ తీసిన చిత్రానికి ఆదరణ దొరకలేదు కానీ, కథకు కాలం చెల్లిందని దాన్నిబట్టి నేను అనుకోను.

ప్రైవేటు ఉద్యోగిని, తిరుపతి: అడుగడుగునా ఆధార్ కార్డు చూపించే రోజుల్లో ‘మిస్సమ్మ’ కథ అసలు మొదలవుతుందా?

ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించడం ఇప్పుడు కుదరదు. సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతా, ఆధార్ పరిశీలన మొదటిరోజే గుట్టు బయటపెడతాయి. అయినా ఆ అబద్ధానికి కారణం సమాజంలో ఇంకా మిగిలే ఉంది. మన ఊళ్లోనే ఏ వీధిలోనైనా గేటుకు వేలాడే ‘టు లెట్’ బోర్డు చూడండి, కింద ‘ఫ్యామిలీకి మాత్రమే’ అని ఇంకో వరుస కనిపిస్తుంది. పెళ్లికానివాళ్లు ఇల్లు అడగడానికి వెళితే యజమాని అద్దె చెప్పడానికి ముందే తలుపు సగం మూస్తాడు. 1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన కథలో నిరుద్యోగం చేసిన పనిని ఈనాడు అద్దె ఇల్లు చేస్తుంది. సావిత్రి చిరాకు, ఎన్.టి. రామారావు ఓర్పు, పక్కింటివాళ్ల ఆరా ఉన్నవి ఉన్నట్టుగా ఆ ఇంట్లో ఇమిడిపోతాయి. పుట్టుమచ్చ చూసి తప్పిపోయిన బిడ్డను గుర్తుపట్టే చోట మాత్రం డీఎన్‌ఏ పరీక్ష వస్తుంది.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ముగింపు. క్రైస్తవ ఇంట్లో పెరిగిన మేరీ చివరికి జమీందారు గోపాలం కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. దాంతో పెళ్లికి ఉన్న పెద్ద అడ్డు చిక్కు లేకుండా తొలగిపోతుంది. ఆనాటికి ఆ మాత్రం కథ చెప్పడమే మర్యాదగల సాహసం. ఇప్పుడు తీసేవారు ఆమెను చివరిదాకా మేరీగానే ఉంచాలని నా కోరిక. ఆ మాటకు విడుదలకు ముందే వాదాలు చెలరేగుతాయని తెలుసు, అయినా ఆమెను పేరు మార్చకుండా ప్రేమించగలిగినప్పుడే ఆ కథానాయకుడికి ఈ కాలంలో గౌరవం దక్కుతుంది.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, పలమనేరు: ‘మాయాబజార్’ను ఇప్పటి గ్రాఫిక్స్‌తో తీస్తే అసలును మించిపోతుందని మా మనవడి వాదన. నాకు జవాబు తోచలేదు.

మాస్టారూ, మీ మనవడి వాదనలో కొంత నిజముంది. ద్వారకా నగరాన్ని కె.వి. రెడ్డి చిన్న నమూనాగా కట్టించి చూపించారు. ఈనాడు ఆ నగరంలో ప్రతి మేడ మీదా మనుషులు తిరుగుతున్నట్టు చూపవచ్చు. 2015లో ‘బాహుబలి’ చూసిన ప్రేక్షకుడికి నగరం అంత పెద్దదిగా కనిపించడం మామూలు విషయమైపోయింది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరిపోయే దృశ్యాన్ని 1957లో కంప్యూటర్ సాయం లేకుండా, మార్కస్ బార్‌ట్లే కెమెరాతోనే సాధించారు. ఇప్పుడు అది ఇంకా నునుపుగా వస్తుంది. నునుపు వల్ల నవ్వు పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న.

మీ మనవడికి చూపించవలసిన ఘట్టం వేరే ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత తెర మీద ఉన్నది సావిత్రి ఒక్కతే. కానీ చూసేవారికి ఎస్.వి. రంగారావు కనిపిస్తారు. భుజాలు వెడల్పు చేసి, మెడ బిగించి, నడకలో ఒక్క క్షణం మగతనం తొంగిచూసి, ఎవరైనా చూస్తున్నారని తెలియగానే పెళ్లికూతురి సిగ్గులోకి జారిపోతుంది. పెళ్లిపీటల దగ్గర రేలంగి పడే అవస్థ అందులోంచే పుట్టింది. ఇదే సన్నివేశాన్ని ఈనాడు కథాచర్చలో పెడితే, అమ్మాయి ముఖం మీద రాక్షసుడి ముఖం మెరిసి మాయమయ్యే గ్రాఫిక్ షాట్ వేద్దామని మొదటి పది నిమిషాల్లోనే ఎవరో ఒకరు అంటారు. ఆ షాట్ పడిన మరుక్షణం నటికి పని లేకుండా పోతుంది. సాంకేతికత నటుడు చేయవలసిన పనిని తన మీద వేసుకోవడమే నా భయం.

రెండో మార్పు పాండవుల విషయం. భారత కథతో ముడిపడిన ఆ చిత్రంలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరని చాలామంది గమనించరు. ఏ పాత్ర లేకపోయినా కథ నడుస్తుందో తేల్చుకుని, ఐదుగురినీ తెర వెనకే ఉంచిన ధైర్యం కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావులది. పాన్ ఇండియా లెక్కల్లో ఇది జరగని పని. భీముడికి ఒక భాష తార, అర్జునుడికి ఇంకో భాష తార వచ్చి చేరతారు, ఒక్కొక్కరి ప్రవేశానికి పోరాట సన్నివేశం తయారవుతుంది, శశిరేఖా అభిమన్యుల ప్రేమకథ మూలన పడుతుంది. నిడివి సంగతి మాత్రం భయపడనక్కర్లేదు. అసలు చిత్రం 184 నిమిషాలు, ‘ఆర్‌ఆర్‌ఆర్’ 182 నిమిషాలు. మూడు గంటలు కూర్చునే ఓపిక ప్రేక్షకుడికి పోలేదు.

ఇక ప్రియదర్శిని పేటిక గురించి ఒక మాట. దాన్ని ఈనాటి వీడియో కాల్‌కు ముందు రూపమని అంటుంటారు. నేను ఒప్పుకోను. వీడియో కాల్‌లో మనం పిలిచిన మనిషి కనిపిస్తాడు. ఆ పేటికలో చూసేవారి మనసులో ఏముందో అదే కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు, కృష్ణుడు చూస్తే శకుని. ఆ ఊహకు సమానమైన యంత్రం ఇంతవరకూ రాలేదు కాబట్టి, ఆ సన్నివేశాన్ని ముట్టుకోకుండా ఉంచడమే మంచిది.

వ్యాపారి, పుంగనూరు: ఇటువంటి మహాచిత్రాలను మళ్లీ తీయాలనుకోవడమే తప్పు కాదా?

తప్పనుకుంటే మనకు ఆ మహాచిత్రాలే దక్కేవి కావు. ‘మాయాబజార్’ కథ 1936లోనే ఒకసారి తెరకెక్కింది. సి. పుల్లయ్య 1934లో ‘లవకుశ’ తీశారు. 1963లో రంగుల్లో వచ్చిన ‘లవకుశ’ను కూడా ఆయనే మొదలుపెట్టగా కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేశారు. అదే కథతో బాపు 2011లో ‘శ్రీరామరాజ్యం’ తీశారు.

గృహిణి, తిరుచానూరు: మా అమ్మ ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ చూస్తూ చేతులు జోడించేది. ఈనాడు అదే కథను ఎంత ఖర్చు పెట్టి తీసినా అలాంటి భక్తి కలుగుతుందా?

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. పి. పుల్లయ్య ఈ కథను రెండుసార్లు తీశారు. 1939లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు స్వామిగా, శాంతకుమారి పద్మావతిగా నటించారు. 1960 నాటికి స్వామి ఎన్.టి. రామారావు, పద్మావతి సావిత్రి, ఆనాటి పద్మావతి శాంతకుమారి ఇప్పుడు వకుళమాత. ఒకే దర్శకుడు తన కథను ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ చెప్పడం, అదే నటి తల్లి పాత్రలోకి రావడం మన చరిత్రలో అరుదైన సంగతి.

భక్తి విషయానికి వస్తే, రెండు మార్పులు జరిగాయి. మొదటిది, 1960లో శ్రీవారి కల్యాణాన్ని కళ్లారా చూడాలంటే కొండ ఎక్కాలి, లేదా సినిమా చూడాలి. ఎక్కడో దూరపు జిల్లాలో ఉండి కొండకు రాలేని పేదవాడికి ఆ చిత్రమే దర్శనం. 2008లో శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ మొదలైన తరువాత కల్యాణోత్సవం ప్రతిరోజూ ఇంట్లోకే వస్తోంది. అసలు సేవ కళ్లముందు ఉండగా సెట్టింగు వేసిన కల్యాణం ప్రేక్షకుడికి ఇంకేదో ఇవ్వాలి. ఆలయంలో సినిమా చిత్రీకరణకు అనుమతి లేదు కాబట్టి ఆనందనిలయాన్ని ఈనాటికీ సెట్‌గానే వేయాలి.

రెండోది నటుడి ముఖం. ఆ రోజుల్లో తిరుమల యాత్ర ముగించుకుని మద్రాసు వెళ్లి రామారావు ఇంటి ముందు నిలబడి దణ్ణం పెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. ఆయన ముఖం తెర మీద తప్ప మరెక్కడా అంతగా కనిపించేది కాదు. ఈనాటి నటుడు శీతల పానీయం ప్రకటనలో కనిపిస్తాడు, విమానాశ్రయంలో ఫొటో దిగుతాడు, ఉదయం వ్యాయామం చేస్తూ వీడియో పెడతాడు. సాయంత్రం అదే ముఖానికి నామం దిద్దితే స్వామి అని నమ్మడం కష్టం. అందుకే ఈ కథను తిరిగి తీసేవారు కొత్త ముఖాన్ని వెతుక్కోవాలి, లేదా కథను భక్తుడి వైపు నుంచి చెప్పాలి. 1997లో ‘అన్నమయ్య’ రెండో దారి పట్టింది, నాగార్జున భక్తుడు, సుమన్ స్వామి, ప్రజలు ఆదరించారు. 1960 చిత్రంలో ఘంటసాల తానే తెర మీద కూర్చుని స్వామి సన్నిధిలో పాడతారు. నాకు ఆ చిత్రంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఈనాడైతే ఆ పాటను విడుదలకు రెండు నెలల ముందే లిరికల్ వీడియోగా వదులుతారు, థియేటర్‌లో విన్నప్పుడు అది అప్పటికే పాతబడి ఉంటుంది.

నాటక కళాకారుడు, చిత్తూరు: మా ఊరి పేరును ఇంటిపేరుగా చేసుకున్న నాగయ్య గారి ‘త్యాగయ్య’ను ఈ రోజు ఎవరు చేయగలరు?

గుంటూరు ప్రాంతంలో పుట్టిన నాగయ్యను చిత్తూరు వాడిగా మార్చింది మీ ఊరి రామవిలాస సభ నాటకాలే. 1946 నాటి ‘త్యాగయ్య’లో నటన, దర్శకత్వం, సంగీతం, గానం ఆయనవే. పాడగలవాడే నటుడన్న కాలపు చివరి వెలుగు ఆయన. 1981లో బాపు ‘త్యాగయ్య’ తీసినప్పుడు జె.వి. సోమయాజులు నటించగా బాలసుబ్రహ్మణ్యం పాడారు. అంటే ముప్పై అయిదేళ్లలోనే ఆ పని ఇద్దరికి పంచవలసి వచ్చింది. ఈనాడు తీసేవారు గాయకుడినే తెచ్చి నటన నేర్పించడం మంచిదని నా అభిప్రాయం. కీర్తన పాడేటప్పుడు గొంతు నరం ఎక్కడ కదులుతుందో, ఊపిరి ఎక్కడ తీసుకుంటారో దగ్గరి షాట్‌లో కనిపిస్తుంది, పెదవులు మాత్రం కలిపే నటుడు అక్కడ దొరికిపోతాడు.

ఇదే ఉత్తరంలో మీరు యాస గురించి కూడా అడిగారు. పాత చిత్రాల్లో కథానాయకుడు మన చిత్తూరు మాట మాట్లాడిన జాడ లేదు. 2021లో ‘పుష్ప’ శేషాచలం అడవుల కథతో పాటు ఆ మాటను కూడా దేశమంతా వినిపించింది, ఆ పాత్రకు అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. ఇకమీదట పాత కథను మన ప్రాంతంలో పెట్టి తీసేవారికి యాస అడ్డు కాదు.

సంగీత ఉపాధ్యాయిని, పుత్తూరు: ‘శంకరాభరణం’ ఇప్పుడు వస్తే థియేటర్ దొరుకుతుందా?

దొరుకుతుంది, నిలవడమే కష్టం. 1980 ఫిబ్రవరిలో పేరున్న కథానాయకుడు లేకుండా విడుదలైన ఆ చిత్రానికి మొదట జనం పలుచగా వచ్చి, చూసినవారు చెప్పిన మాట వల్ల తరువాత నిండారు. ఈనాడు మొదటి మూడు రోజుల వసూళ్లే ఒక చిత్రం తలరాతను తేలుస్తున్నాయి. నాలుగో రోజు ఆట ఎత్తేస్తే, మాట ఒకరి నుంచి ఒకరికి పాకడానికి వ్యవధి ఎక్కడిది? ఓటీటీలో ఆ చిత్రానికి మంచి ఆదరణ దొరుకుతుందనడంలో సందేహం లేదు కానీ, కె. విశ్వనాథ్ శంకరశాస్త్రిని వెయ్యి మంది ఒకేసారి నిశ్శబ్దంగా వినడానికి తయారుచేశారు. ఆ నిశ్శబ్దం ఇంట్లో దొరకదు. కథలో మార్పంటూ వస్తే, వేశ్య ఇంట పుట్టి శాస్త్రిగారిని గురువుగా కొలిచే తులసి వైపు వస్తుంది. ఆమె పడిన బాధను శాస్త్రిగారి పరువు ద్వారా చూపిన చోట, ఆమె నోటి నుంచే వినాలని ఈ తరం అడుగుతుంది. అది న్యాయమైన కోరిక.

పాఠకుడు, చంద్రగిరి: మీకే అవకాశం వస్తే ఏ చిత్రాన్ని మళ్లీ తీయిస్తారు?

‘మల్లీశ్వరి’ని. 1951లో బి.ఎన్. రెడ్డి, దేవులపల్లి కృష్ణశాస్త్రి, సాలూరు రాజేశ్వరరావు కలిసి చేసిన ఆ చిత్రంలో మారువేషంలో ఉన్న రాయలవారితో బావ నాగరాజు వేళాకోళంగా అన్న ఒక్క మాటతో మల్లి ఇంటికి పల్లకి వస్తుంది. ఆమె రాణివాసంలో చిక్కుకుంటుంది. దాన్ని ఈ కాలానికి మార్చకుండా రాయలవారి కాలంలోనే ఉంచాలి, ఎందుకంటే ఆ కథకు ముడి అంతఃపుర ద్వారమే, దానికి ఈనాడు సమానం లేదు. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో కలిసి నిలబడిన రాయలవారి విగ్రహాన్ని, మీ ఊరి రాజమహలును రోజూ చూసే మనకు ఆ కాలం మరీ దూరమైనది కాదు.

మల్లికీ నాగరాజుకూ కొత్తవాళ్లను తీసుకోవాలి. భానుమతి పాడుతూ నటించినట్టే మల్లి తన పాటలు తానే పాడాలి. నాగరాజు ఉలి పట్టిన తీరు అబద్ధంగా ఉండకుండా ఆ నటుణ్ణి కొన్ని నెలలు శిల్పుల దగ్గర కూర్చోబెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం రాయలవారి పాత్ర. బి.ఎన్. రెడ్డి ఆయనను కథకు ఒక అంచున, నెమ్మదిగా, మర్యాదగా నిలిపారు. ఈనాడు ఆ పాత్రకు పెద్ద తార వస్తే యుద్ధం కావాలంటారు, ఏనుగుల దండు కావాలంటారు, పాట కావాలంటారు. ఆ పాత్ర నిడివి ఒక్క నిమిషం కూడా పెరగకూడదని చిత్రీకరణకు ముందే ఒప్పందంలో రాయించుకుంటాను.